చంద్రుడి బరువు ఒకసారి సరిచూడండి

సైన్స్ ఫిక్షన్ టెలివిజన్ ధారావాహికల రచయితలకు, నిర్మాతలకు, వాటిని తెలుగు మాటలతో మా ఇళ్లకు చేరుస్తున్న స్ట్రీమింగ్ సంస్థల బాధ్యులకు బహిరంగ లేఖ

ఆర్యా,

నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను. 1980లలో దూరదర్శన్‌లో స్టార్ ట్రెక్ చూసి ఆకాశం వైపు తల తిప్పిన తరం మాది. మీ పని మీద ఇష్టం లేకపోతే ఇంత లేఖ రాసే ఓపిక ఉండేది కాదు. ఆ మాట చెప్పేశాను కాబట్టి ఇక విషయానికి వస్తాను.

కొన్ని నెలల కిందట ఒక స్ట్రీమింగ్ సంస్థకు ఫిర్యాదు పంపాను. వాళ్లు అందిస్తున్న ఒక అంతరిక్ష ధారావాహిక తెలుగు ఆడియోలో, మూలంలో బిలియన్ అన్న చోటల్లా కోటి అని వినిపిస్తోంది. బిలియన్ అంటే వంద కోట్లు. నెప్ట్యూన్ దరిదాపుల్లో, భూమికి 450 కోట్ల కిలోమీటర్ల దూరంలో చిక్కుకున్న నౌక తెలుగులోకి వచ్చేసరికి నాలుగున్నర కోట్ల కిలోమీటర్ల దూరంలో తేలింది. కుజుడు మనకు అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా సుమారు అయిదున్నర కోట్ల కిలోమీటర్ల అవతల ఉంటాడు. అంటే కుజుడికన్నా ఇవతలే ఉన్న మనుషులు, ఇల్లు చేరడానికి జీవితకాలం చాలదని కన్నీళ్లు పెట్టుకుంటున్నారు.

ఎపిసోడ్, నిమిషం, సెకనుతో సహా రాసి పంపాను. మీ అభిప్రాయం మాకెంతో విలువైనదంటూ యంత్రం రాసిన జవాబు వచ్చింది. మళ్లీ రాస్తే, ఇది కల్పిత కథ అని గమనించగలరు అన్నారు. గమనించాను. ఆ తరువాత జవాబే లేదు. వెతికిన కొద్దీ ఈ నిర్లక్ష్యం డబ్బింగ్ గదిలో మొదలైనది కాదని, చాలాసార్లు మూల రచన దగ్గరే ఉందని తేలింది. అందుకే మీ అందరినీ ఒకే లేఖలో పలకరిస్తున్నాను.

నా అభ్యంతరం దేనిమీదో, దేనిమీద కాదో ముందే చెప్పాలి. మీ నౌకలు కాంతి కన్నా వేగంగా పోవచ్చు. మనిషి ఒకచోట మాయమై మరోచోట ప్రత్యక్షం కావచ్చు. నీలిరంగు పోలీసు పెట్టెలో కాలయానం చేయవచ్చు. ఇది సాధ్యమనుకోండి అని కథ మొదట్లో మీరు అడుగుతారు, సరే అని మేము కూర్చుంటాం. స్టార్ ట్రెక్‌లో మనుషులను ఒకచోటి నుంచి మరోచోటికి పంపే యంత్రంలో హైసెన్‌బర్గ్ కాంపెన్సేటర్ అనే భాగం ఉంటుంది. అది ఎలా పనిచేస్తుందని ఆ ధారావాహిక కళావిభాగంలోని మైకేల్ ఒకూడాను అడిగితే, చాలా బాగా పనిచేస్తోందని, అడిగినందుకు కృతజ్ఞతలని జవాబిచ్చారు. ఆ జవాబు నాకు ఎంతో ఇష్టం. కణం స్థానాన్నీ వేగాన్నీ ఒకేసారి కచ్చితంగా తెలుసుకోలేమనే హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ సూత్రం దారికి అడ్డుందని వాళ్లకు తెలుసు, తెలిసే దాటారు. నా ఫిర్యాదు అడ్డేమిటో తెలుసుకోకుండా నడిచేవారి మీద, తాము పెట్టిన షరతును తామే మరిచిపోయేవారి మీద.

1. మీరు చెప్పిన అంకె మీ కథనే కూల్చేస్తోంది.

కాలయానం చేసే ‘డాక్టర్’ కథానాయకుడిగా నడిచే బ్రిటిష్ ధారావాహిక డాక్టర్ హూలో 2014లో వచ్చిన ‘కిల్ ద మూన్’ అనే ఎపిసోడ్ 2049లో జరుగుతుంది. చంద్రుడు బరువెక్కుతాడు, సముద్రాలు పొంగి భూమి మీద తీరాలు నాశనమవుతాయి. కారణం వెతుకుతూ వెళితే చంద్రుడు నిజానికి ఒక గుడ్డు అని, లోపల ఒక ప్రాణి పెరుగుతోందని తేలుతుంది. చంద్రుడు గుడ్డు కావడం మీద నాకు ఫిర్యాదు లేదు, అది అందమైన ఊహ. చిక్కంతా ఆ ప్రాణి బరువు సుమారు 130 కోట్ల టన్నులని డాక్టర్ నోటనే చెప్పించడంతో వచ్చింది.

130 కోట్ల టన్నుల నీళ్లంటే దాదాపు 46 టీఎంసీలు. మన నాగార్జునసాగర్ పూర్తి నిల్వ సామర్థ్యం 312 టీఎంసీలు. అంటే సాగర్ జలాశయంలో ఏడో వంతు నీటిని తీసుకెళ్లి చంద్రుడి మీద పోస్తే భూగోళమంతా వరదలు రావాలి! చంద్రుడి ద్రవ్యరాశి 7.35 లక్షల కోట్ల కోట్ల టన్నులు. అందులో 130 కోట్లు దాదాపు 5,650 కోట్లలో ఒక వంతు. దానికి ఆటుపోట్లలో వెంట్రుకవాసి తేడా కూడా రాదు. పైగా అదే ఎపిసోడ్‌లో చంద్రుడి మీద మనుషులు భూమి మీద నడిచినట్టే నడుస్తారు, బరువు పెరిగిందనడానికి అదే రుజువట. చంద్రుడి పరిమాణం మారకుండా అలా జరగాలంటే ద్రవ్యరాశి ఆరింతలు కావాలి. చివరికి గుడ్డు పగిలి, అప్పుడే పుట్టిన ప్రాణి తాను బయటికొచ్చినంత గుడ్డును వెంటనే మళ్లీ పెట్టి ఎగిరిపోతుంది. ఆ అంకె అసలు చెప్పకపోయినా కథకు లోటుండేది కాదు. చెప్పాలనుకున్నప్పుడు ఎవరైనా ఒక్కరు భాగహారం చేసి ఉండవలసింది.

ఇది కొత్త జబ్బు కాదు. 1975లో మొదలైన బ్రిటిష్ ధారావాహిక ‘స్పేస్: 1999’లో, చంద్రుడి మీద పోగేసిన అణు వ్యర్థాలు 1999 సెప్టెంబరు 13న పేలి చంద్రుణ్ణి కక్ష్య నుంచి తోసేస్తాయి. అక్కడి స్థావరంలో ఉన్న 311 మంది ఆ చంద్రుడితోపాటే నక్షత్రాల మధ్య ప్రయాణిస్తారు. గురుత్వాకర్షణ పాఠం చదివిన మా మొదటి ఏడాది విద్యార్థి వేయగల లెక్క ఇది. చంద్రుడు భూమి చుట్టూ సెకనుకు సుమారు 1.02 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నాడు. భూమి పట్టు వదిలించుకోవాలంటే దాదాపు 1.44 కిలోమీటర్ల వేగం కావాలి. ఆ తేడాకు అవసరమైన శక్తి కోసం, మనిషి ఇప్పటివరకు పేల్చిన బాంబులన్నిటిలోకీ పెద్దదైన 1961 నాటి సోవియట్ జార్ బాంబా లాంటివి సుమారు 18,000 కోట్లు పేల్చాలి. కథలో మాత్రం స్థావరంలోని వాళ్లు కిందపడి లేచి దుమ్ము దులుపుకుంటారు. సూర్యుడి తరువాత మనకు అతి దగ్గరి నక్షత్రం 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఒక్కో మజిలీకి ఏడాది పట్టిందనుకున్నా కాంతికి నాలుగు రెట్లు మించిన వేగం కావాలి. అంత వేగంతో పోతూ ఏ గ్రహం పక్కన కాసేపు ఆగగలరో నాకు అంతుపట్టదు. ఐజాక్ అసిమోవ్ అప్పట్లోనే పత్రికలో ఈ ధారావాహిక సైన్స్‌ను విమర్శించారు.

నలభై ఏళ్ల తేడాతో రెండు ధారావాహికలు, ఇద్దరికీ చంద్రుడి బరువు ఎంతో చూసుకునే తీరిక లేదు. దీనివల్ల సామాన్యుడికి వచ్చే నష్టమేమిటని అడుగుతారు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఉంది. అక్కడి ప్రజలకు నిజమైన ప్రశ్నలున్నాయి: భూములు, చేపలవేట, సముద్రంలోకి వదిలే వేడినీళ్లు, వాడేసిన ఇంధనాన్ని ఎక్కడ ఎన్నాళ్లు దాస్తారన్నది. అణు వ్యర్థాలతో ప్రమాదం లేదని నేను అనను. 1957లో సోవియట్ యూనియన్‌లోని మయాక్ కర్మాగారంలో, చల్లబరిచే ఏర్పాటు చెడి వ్యర్థాల ట్యాంకు పేలి పెద్ద ప్రాంతమే కలుషితమైంది. అయితే అది రసాయన విస్ఫోటం, అణుబాంబు కాదు. ఈ తేడా తెలిసినవాడు అడిగే ప్రశ్నకు అధికారి జవాబు చెప్పక తప్పదు. వ్యర్థాలు బాంబులా పేలి ఊరు ఎగిరిపోతుందని సభలో ఒక్కరు అన్నారంటే చాలు, వీళ్లకు సైన్స్ తెలియదని మొత్తం సభనే కొట్టిపారేసే సందు దొరుకుతుంది. మీరు అల్లిన తప్పుడు భయం నిజమైన భయానికి గొంతు లేకుండా చేస్తుంది.

2. నియమం పెడతారు, వారం తిరిగేసరికి మరిచిపోతారు.

1995 నుంచి 2001 దాకా నడిచిన స్టార్ ట్రెక్: వాయేజర్‌లో ఒక నౌక ఇంటికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుంటుంది. మామూలుగా వస్తే 75 ఏళ్ల ప్రయాణం. మొదటి సీజన్‌లోనే తమ దగ్గర 38 టార్పెడోలే ఉన్నాయని, అవి అయిపోతే మళ్లీ సమకూర్చుకునే దారి లేదని చెప్పుకుంటారు. ఎంత గొప్ప షరతు! ప్రతి పోరాటంలో కెప్టెన్ చేతిలో మిగిలినవి ఎన్నో ప్రేక్షకుడు మనసులో లెక్కపెట్టుకోవాలి. ప్రేక్షకులు నిజంగానే లెక్కపెట్టారు. ధారావాహిక ముగిసేసరికి పేల్చినవి 38కి ఎంతో మించిపోయాయి. ఎక్కడి నుంచి వచ్చాయో కథ చెప్పదు. ఈ వారం చిల్లులుపడిన నౌక వచ్చే వారానికి రేవులో మరమ్మతు చేయించుకున్నంత తళతళలాడుతూ కనబడుతుంది. ఇల్లు లేదు, రేవు లేదు, సరుకు లేదు అన్నదే కదా కథ?

ఇంతకన్నా నన్ను బాధించినది 1993లో స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్‌లో వచ్చిన ‘ఫోర్స్ ఆఫ్ నేచర్’. నౌకల అతివేగం అంతరిక్షాన్నే చెడగొడుతోందని అందులో ఒక శాస్త్రవేత్త రుజువు చేస్తుంది, రుజువు చేయడానికి ప్రాణమే ఇస్తుంది. దాంతో అత్యవసరమైతే తప్ప వార్ప్ 5 అనే వేగస్థాయిని ఎవరూ దాటరాదని ప్రభుత్వం ఆంక్ష పెడుతుంది. పర్యావరణం గురించి ఇంత ధైర్యంగా, తమ కథాలోకపు పునాది మీదే చేయిపెట్టి రాసిన ఎపిసోడ్లు తక్కువ. తరువాత ఆ వేగపరిమితి ఒకటి రెండు చోట్ల వినబడి జారిపోయింది. తరువాతి ధారావాహికల్లో నౌకలు యథావిధిగా పరుగులు తీశాయి. పరిష్కారం దొరికిందని ఒక్క వాక్యం తెర మీద పలికించినా సరిపోయేది. ప్లాస్టిక్ సంచుల మీద మన పురపాలక సంఘాల ఆంక్షలు చూసి అలవాటుపడినవాళ్లం కనుక మాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదనుకోండి.

చిన్న పొరపాట్లను నేను పట్టుకు వేలాడటం లేదు. స్టార్ ట్రెక్ 1966 నాటి ఎపిసోడ్‌లో కెప్టెన్ పేరిట ఉన్న సమాధి రాతి మీద జేమ్స్ ఆర్. కిర్క్ అని ఉంటుంది, తరువాత ఆయన ఎప్పటికీ జేమ్స్ టి. కిర్కే. ఎవరికి నష్టం? అదే కథాలోకంలోని క్లింగన్ అనే గ్రహాంతర జాతివారి నుదుళ్లు 1960లలో నున్నగా ఉండి, 1979 సినిమా నుంచి ఎముకల గట్లతో కనబడ్డాయి. మేకప్‌కు డబ్బు పెరిగిందన్నది అసలు కారణమని అందరికీ తెలుసు. 1996లో దాని మీద వాళ్లే ఒక చక్కటి చమత్కారం వేశారు. బయటివాళ్లతో మేము ఆ విషయం మాట్లాడం అని ఒక క్లింగన్ చేతనే అనిపించి నవ్వించారు. 2005లో కథలోనే కారణం కూడా చూపారు. తేడా ఉందని ఒప్పుకుని, ప్రేక్షకుడి జ్ఞాపకాన్ని గౌరవించిన పద్ధతి అది. మిగతాచోట్ల కూడా అదే అడుగుతున్నాను.

3. జీవపరిణామాన్ని మెట్ల వరస చేసి చూపిస్తున్నారు.

స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్‌లో 1994 నాటి ‘జెనెసిస్’ ఎపిసోడ్‌లో నౌకలోని వాళ్లంతా జబ్బుపడి పరిణామంలో ‘వెనక్కి’ వెళతారు. ఒకరు ఉభయచరం, ఒకరు లీమర్ లాంటి జంతువు, ఒకరు సాలీడు. సాలెపురుగు మనిషికి పూర్వీకురాలు ఎన్నడూ కాదు. మన వంశం, దాని వంశం 50 కోట్ల ఏళ్లకు పూర్వమే వేరుపడ్డాయి. మన కణాల్లో లేని జ్ఞాపకం జబ్బు చేస్తే ఎలా బయటపడుతుంది?

వాయేజర్‌లో 1996 నాటి ‘థ్రెషోల్డ్’ ఎపిసోడ్ ముందుకు వెళ్లింది. అనంతమైన వేగం అందుకున్న పైలట్ ‘భవిష్యత్ మానవుడి’గా పరిణమించి, బల్లిలా కనిపించే ఉభయచరం, పెద్ద సలమాండర్ అవుతాడు, కెప్టెన్‌ను ఎత్తుకుపోతాడు, ఆమె కూడా సలమాండర్ అవుతుంది, ఇద్దరికీ పిల్లలు పుడతారు. పిల్లలను ఒక గ్రహం మీద వదిలేసి వీళ్లిద్దరినీ నౌకలోని వైద్యుడు మళ్లీ మనుషులుగా మార్చేస్తాడు. ఆ ఎపిసోడ్ మేకప్‌కు అమెరికా టీవీ రంగపు ఎమ్మీ పురస్కారం వచ్చింది, ఆ విభాగానికి నా అభినందనలు. కానీ అనంత వేగం చేతికొచ్చింది, దాని దుష్ఫలితానికి మందు కూడా దొరికింది. అలాంటప్పుడు అందరూ ఆ వేగంతోనే ఇల్లు చేరి ఆ వైద్యుడి దగ్గర వరుసలో నిలబడవచ్చు కదా? ఇంకా అయిదు సీజన్లకు పైగా ఎందుకు తిరిగారు? సైన్స్ తప్పు, కథ తప్పు ఎంత దగ్గరి చుట్టాలో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

పరిణామం ఒక వ్యక్తికి జరగదు. తరతరాలుగా ఒక సమూహంలో జరుగుతుంది, దానికి ముందే రాసిపెట్టిన గమ్యం ఉండదు. ఈ రెండు వాక్యాలు పిల్లలకు ఎక్కించడానికి జీవశాస్త్రం చెప్పే మా సహోద్యోగులు ఏళ్లతరబడి చెమటోడుస్తున్నారు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో జీవపరిణామం భాగమే లేకుండా పోయింది. దాన్ని మళ్లీ చేర్చాలంటూ 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. పదకొండో తరగతిలో జీవశాస్త్రం తీసుకోని పిల్లవాడికి బడిలో ఆ పాఠం ఇక రాదు. అతనికి మిగిలే పాఠం మీ సలమాండర్, మీ సాలీడు. పుస్తకం ఖాళీ చేసిన చోట మీరు కూర్చుంటున్నారు, కాస్త చూసుకుని కూర్చోండి.

4. శూన్యం, గుండె, రాళ్లు.

వీటిని త్వరగా చెప్పి ముగిస్తాను. శూన్యంలో శబ్దం ప్రయాణించదు. 2002లో వచ్చిన ఫైర్‌ఫ్లై ధారావాహిక ఆ నిశ్శబ్దాన్ని పాటించింది, దాని ఉత్కంఠకు లోటేమీ రాలేదు. శూన్యంలోకి జారిన మనిషి బెలూన్‌లా పేలడు, క్షణంలో గడ్డకట్టడు. 1966లో అమెరికాలో ఒక శూన్యగదిలో సూట్ పరీక్షిస్తుండగా గొట్టం ఊడి, జిమ్ లెబ్లాంక్ అనే సాంకేతిక నిపుణుడు సుమారు 14 సెకన్లలో స్పృహ తప్పారు. నాలుక మీద ఉమ్మి బుడగలు కట్టడం ఆయనకు గుర్తుంది. వెంటనే గాలి నింపడంతో బతికారు. 1971లో సోయుజ్ 11లోని ముగ్గురికి ఆ అదృష్టం దక్కలేదు. ఒక కవాటం తెరుచుకుని గాలి పోయింది, నౌక మామూలుగానే దిగింది, లోపల ముగ్గురూ మరణించి ఉన్నారు. నిజం ఇంత భయంకరంగా ఉన్నప్పుడు పేలే తలలతో పనేమిటి?

గ్రహశకలాల పట్టీలో రాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ తిరగవు. వాటి మధ్య సగటు దూరం లక్షల కిలోమీటర్లు. 1970ల మొదట్లోనే పయనీర్ 10 అందులోంచి దెబ్బ తగలకుండా దాటింది. ఇక మీ నౌకల వైద్యశాలల్లో, తెర మీద గీత తిన్నగా అయిపోయిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చి లేపుతారు. అలాంటి గుండెకు షాక్ పనిచేయదు. 1996లో అమెరికాలో కొందరు వైద్యులు మూడు టీవీ కార్యక్రమాలను పరిశీలించి, గుండె ఆగినట్టు చూపినవారిలో 75 శాతం అప్పటికప్పుడు బతికినట్టు చూపారని లెక్కతేల్చారు. అసలు ఆసుపత్రుల్లో అంతమంది బతకరు. మన ఊళ్లలో అత్యవసర విభాగాల బయట వైద్యుడి చొక్కా పట్టుకునే బంధువులు ఎక్కడెక్కడి నుంచి ఆశలు తెచ్చుకుంటారో ఒకసారి ఆలోచించండి. నింద మొత్తం మీ మీదే వేయను, మీ వాటా మీరు తీసుకోండి.

5. దూరాన్ని మింగేసి, మీ ఉత్కంఠను మీరే పోగొట్టుకుంటున్నారు.

కాంతి భూమి నుంచి కుజుడికి చేరడానికి గ్రహాల స్థానాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. సౌరకుటుంబం దాటని కథల్లో కూడా కుజుడి మీది మనిషి భూమితో ఎదురుగా కూర్చున్నట్టు వాదులాడుతుంటాడు. కాలం కలిసొస్తుందని మీ ఉద్దేశం కావచ్చు, కానీ పోతున్నదేమిటో చూడండి.

2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న కుజుణ్ణి చేరింది. సుమారు 300 రోజులు ఆగి ఉన్న ప్రధాన ఇంజిన్‌ను రెండు రోజుల ముందు 4 సెకన్లు మాత్రం మండించి పరీక్షించారు. ఇప్పుడది 24 నిమిషాలు మండాలి. సంకేతం రావడానికే 12 నిమిషాలు. పైగా మధ్యలో నౌక కుజుడి చాటుకు వెళుతుంది, సంకేతమే ఉండదు. ఆదేశాలన్నీ ముందే పంపేశారు. బెంగళూరులో తెరల ముందు కూర్చున్నవాళ్లకు ఏదైనా తేడా తెలిసేసరికి అది జరిగి 12 నిమిషాలు అయిపోయి ఉంటుంది, చేయగలిగింది ఏమీ లేదు. ఆ ఉదయం దేశమంతా టీవీల ముందు ఊపిరి బిగబట్టింది. శత్రునౌకలు లేవు, పేలుళ్లు లేవు. ఉన్నదల్లా దూరమే.

ఆ దూరాన్ని వాడుకున్న ధారావాహిక లేకపోలేదు. 2015లో మొదలైన ది ఎక్స్‌పాన్స్‌లో సందేశాలు ఆలస్యంగా అందుతాయి, ఆ ఆలస్యంలోనే యుద్ధాలు మలుపు తిరుగుతాయి. నౌక ఇంజిన్ తోస్తున్నప్పుడే కాళ్ల కింద బరువు తెలుస్తుంది, ఆపితే మనుషులు తేలిపోతారు. గమ్యం సగం దూరంలో ఉండగా నౌకను వెనక్కి తిప్పి వేగం తగ్గించుకుంటారు. దాని బాధ్యత వహించిన నరేన్ శంకర్ కార్నెల్‌లో అనువర్తిత భౌతికశాస్త్రంలో డాక్టరేట్ పొందిన మనిషి, స్టార్ ట్రెక్‌కు సైన్స్ సలహాదారుగా కూడా పనిచేశారు. లెక్క తెలిసినవాడు రాస్తే కథ ఎండిపోతుందనేవారికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

6. మీరు చెప్పే సాకులకు కాలం చెల్లింది.

డాక్టర్ హూలో అట్లాంటిస్ నగరం మూడు రకాలుగా నాశనమైంది: 1967లో ఒకలా, 1971లో ఒకలా, 1972లో మరొకలా. అప్పటి రచయితలను నేను తప్పుపట్టను. ఆ రోజుల్లో బీబీసీ పాత టేపులను చెరిపేసి మళ్లీ వాడుకునేది, ఒకసారి ప్రసారమైన ఎపిసోడ్‌ను మళ్లీ చూసే అవకాశం రాసేవాడికీ లేదు, చూసేవాడికీ లేదు. అయినా 1963లో ఆ ధారావాహికను పిల్లలకు చరిత్ర, సైన్స్ నేర్పాలన్న ఆశయంతోనే మొదలుపెట్టారు, కథలో డాక్టర్ మొదటి సహచరుల్లో ఒకరు సైన్స్ మాస్టారు. 1966 నాటికి కిట్ పెడ్లర్ అనే వైద్య పరిశోధకుణ్ణి సలహాకు పెట్టుకున్నారు. టేపులు కొనే డబ్బులేనివాళ్లు ఆ మాత్రం శ్రద్ధ చూపారు. ఇప్పుడు చెరిగిపోకుండా మిగిలిన పాత ఎపిసోడ్లు ప్రేక్షకుడి జేబులో ఫోనులో ఉన్నాయి. రాసేవారికి అవి చూసే తీరిక లేదంటే మేము ఒప్పుకోవాలా?

సలహాదారులు దొరకరనీ అనలేరు. రచయితలను శాస్త్రవేత్తలతో కలపడానికే అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ 2008లో ఒక ప్రత్యేక కార్యక్రమం ప్రారంభించింది. ప్రసారమైపోయాక దిద్దలేమన్న మాట కూడా నిలవదు. 2019 మేలో గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో కోటలోని విందు బల్ల మీద కాఫీ కప్పు మిగిలిపోతే, రెండు రోజుల్లో దాన్ని స్ట్రీమింగ్ ప్రతి నుంచి చెరిపేశారు. కప్పు కనబడితే పరువు పోతుందనుకున్నవారికి, అంకె వంద రెట్లు తప్పితే పోదా?

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని కింది కోరికలు మీ ముందుంచుతున్నాను.

అ) కథ రాస్తున్న దశలోనే ఒక సైన్స్ సలహాదారుణ్ణి నియమించండి. చిత్రీకరణ అయ్యాక చూపించి పేరు వేయడం సలహా కాదు. ఏ అంకె పలికించినా, దానికి వేసిన లెక్క స్క్రిప్టు పక్కన రాసి ఉండాలి.

ఆ) ధారావాహిక లోకపు నియమాలు, ఒక్కో సీజన్‌లో వాటికి జరిగిన మార్పులు నమోదుచేసే మనిషి ఒకరుండాలి. బట్టలు, బొట్టు, గాయం మచ్చ చూసే కంటిన్యుటీ సహాయకులు ప్రతి సెట్‌లోనూ ఉన్నారు. టార్పెడోలు కూడా లెక్కపెట్టించండి. నియమం మార్చాలనుకుంటే మార్చండి, మార్చామని కథలో చెప్పండి.

ఇ) ఇప్పటికే అందుబాటులో ఉన్న ఎపిసోడ్లలో అంకెల తప్పులు ఆడియోలో, సబ్‌టైటిళ్లలో దిద్దండి. దృశ్యాన్ని ముట్టుకోనక్కర్లేదు.

ఈ) తెలుగు డబ్బింగ్ చేయించే సంస్థలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. డబ్బింగ్ రచయితల మీద నాకు కోపం లేదు. పెదవుల కదలికకు అక్షరాలు కూర్చాలి, నాలుగు వందల యాభై కోట్లు అనేది ఆ కొద్ది క్షణాల్లో పట్టడం కష్టమే. వాళ్లకు తగిన గడువు, తగిన డబ్బు ఇవ్వండి, చివర్లో వాళ్ల పేర్లు వేయండి. రికార్డింగ్‌కు ముందు అంకెలు, కొలమానాలు మాత్రం ఒక సైన్స్ ఉపాధ్యాయుడి చేత చదివించండి. సీజన్‌కు ఒక పూట పని.

ఉ) ఇలాంటి ఫిర్యాదులకు మనిషి జవాబివ్వాలి. 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం మీకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, 15 రోజుల్లో తేల్చాలి. నా ఫిర్యాదు ఆ నిబంధనల్లోని నైతిక నియమావళి పరిధిలోకి రాదని నాకు తెలుసు. రావాలనీ కోరడం లేదు. ఆ గడువును మర్యాదగా పాటించమని మాత్రమే అడుగుతున్నాను.

ప్రభుత్వం మీ కథలను పరిశీలించాలని నేను కోరడం లేదు. పాఠ్యపుస్తకంలో పరిణామాన్ని ఉంచడానికే తటపటాయించేవాళ్ల చేతికి మీ స్క్రిప్టులు ఇవ్వడం నాకు సమ్మతం కాదు. ఇది కల్పితం అనే హెచ్చరిక వాక్యం ఇంకొకటి చేర్చమనీ అనడం లేదు, సిగరెట్ హెచ్చరిక పక్కన అదొకటి అక్కర్లేదు.

స్ట్రీమింగ్ సంస్థకు పంపిన జాబితా నా దగ్గర ఉంది. ఎపిసోడ్, సమయం, తెలుగులో వినిపిస్తున్న అంకె, ఉండవలసిన అంకె నాలుగు వరుసల్లో ఉన్నాయి. ఏ చిరునామాకు పంపితే చదువుతారో చెప్పండి, ఆ రోజే పంపుతాను.

ఇట్లు,
భౌతికశాస్త్రం బోధించే ఒక ప్రేక్షకుడు